మాకవరపాలెం దారిలో: కొలువు అడిగే పేరు, చేతికి నిలిచే విద్య

విశాఖపట్నం నుంచి జాతీయ రహదారి మీద అనకాపల్లి దాటి వస్తే తాళ్లపాలెం కూడలి తగులుతుంది. అక్కడ కొండల వైపు చీలిన దారి నర్సీపట్నం పోతుంది. ఆ దారిలో, నర్సీపట్నం చేరడానికి ముందు వచ్చే మండల కేంద్రమే మాకవరపాలెం. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అవతరించేంత వరకు ఇది విశాఖపట్నం జిల్లాలో భాగం. వరి మడులు, చెరకు తోటలు, జీడిమామిడి చెట్లు, వాటి వెనుక నీలిరంగు కనుమలు: మొదటి చూపుకు ఇది పూర్తిగా వ్యవసాయ సీమ. నర్సీపట్నం దాటి ఇంకా లోపలికి పోతే అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట వస్తుంది. ఆపైన మన్యం మొదలవుతుంది.

అయితే ఉదయం వేళ ఈ దారిలో బస్సెక్కినవారికి మరో దృశ్యం కూడా ఎదురవుతుంది. మెడలో గుర్తింపు కార్డులు, భుజాన సంచులు వేసుకున్న యువతీయువకులు ఒక్కొక్క ఊరిలో ఎక్కుతూ ఉంటారు. మండలంలోని తామరం గ్రామంలో ఇంజనీరింగ్ కళాశాల ఉంది. రైతు బిడ్డలు, చిరు వ్యాపారుల బిడ్డలు, నర్సీపట్నం అబిద్ సెంటర్ చుట్టుపక్కల దుకాణాల్లో పనిచేసేవారి బిడ్డలు కంప్యూటర్ చదువుల్లో చేరుతున్న కాలమిది. నగరానికి దూరంగా ఉన్న ఈ సీమలో ఒక కుటుంబం తన బిడ్డను ఇంజనీరింగులో చేర్చడమంటే మాటలు కాదు. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చినా హాస్టలు, పుస్తకాలు, ఆపైన ‘కోర్సుల’ ఖర్చు ఉండనే ఉంటుంది. కనుక ఆ బిడ్డ ఏం నేర్చుకోవాలన్న ప్రశ్న ఒక్క విద్యార్థిది కాదు, ఇల్లంతటిదీ.

నేను ప్రయాణించిన రోజున నా పక్కన కూర్చున్న చివరి సంవత్సరం విద్యార్థి ఒకరు సెల్‌ఫోన్‌లో ప్రోగ్రామింగ్ లెక్కలు సాధన చేస్తున్నారు. మాటలు కలిశాక తన చదువు సంగతి ఇలా చెప్పుకొచ్చారు: “మొదటి ఏడు సీ నేర్చుకున్నానండి. రెండో ఏడు జావా అన్నారు. ఇప్పుడేమో పరీక్షలో పైథాన్ అయితే తొందరగా రాసేయొచ్చంటున్నారు. విశాఖలో ఉన్న మా అన్నయ్య ఫుల్ స్టాక్ నేర్చుకోమంటాడు. దేనికి ఉద్యోగాలున్నాయో చెప్పండి మాస్టారూ, అదే నేర్చేసుకుంటాను.”

ఆ యువకుని మాటల్లో ఈ కాలపు సాఫ్ట్‌వేర్ లోకమంతా ఇమిడి ఉంది. ఏ పనిముట్టు ఏ పనికి తగినదన్న విచారణ ఆయన ప్రశ్నలో లేదు. గుమ్మం దగ్గర నిలబడినవాడు ఏ పేరు అడుగుతాడన్నదే ఆయన ప్రశ్న. దీనికి ఆయనను తప్పుపట్టలేం. గుమ్మం అలా ఉంది గనుక నడక అలా మారింది.

ఈ సంగతి అర్థం కావాలంటే ఇక్కడి బెల్లాన్ని చూస్తే చాలు. ఈ చుట్టుపక్కల చెరకు బెల్లంగా మారి చేరేది ప్రధానంగా అనకాపల్లి మార్కెట్‌కే. అక్కడ కొనుగోలుదారు బెల్లం దిమ్మను ముందు కంటితో చూస్తాడు. లేత రంగులో మెరిసే దిమ్మకు ఎక్కువ ధర, ముదురు రంగు దిమ్మకు తక్కువ ధర. ఆ చూపు ఎంత దూరం పోయిందంటే, పాకం మరుగుతుండగా రంగు తేలడానికి ‘హైడ్రోస్’ అనే రసాయనం కలపడం పలుచోట్ల అలవాటైంది. తినేవారి ఆరోగ్యానికి అది మంచిది కాదని తెలిసినా, ముదురు బెల్లం తెస్తే ధర పడదన్న భయం రైతును వెంటాడుతుంది. కొనేవాడి కన్ను వండేవాడి చేతిని నడుపుతుంది. సాఫ్ట్‌వేర్ కొలువుల విషయంలోనూ జరుగుతున్నది ఇదే.

నియామకాల పద్ధతిని కొంచెం దగ్గరగా చూద్దాం. పెద్ద సేవా సంస్థలు ఏటా వేల సంఖ్యలో పట్టభద్రులను తీసుకుంటాయి. అంతమందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి పరీక్షించడం వాటికి సాధ్యపడదు. అందుకే జల్లెడ అవసరమైంది. టీసీఎస్ నిర్వహించే ‘నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్’ అటువంటి జల్లెడే. అంకెల లెక్కలు, తర్కం, ఆంగ్లం, ఆపైన నిర్ణీత సమయంలో రాయవలసిన ప్రోగ్రాములు ఇటువంటి పరీక్షల్లో ఉంటాయి. ఆ జల్లెడకు సరిపడేలా తయారుకావడమే చాలామంది విద్యార్థులకు చివరి రెండేళ్ల చదువు. నిజానికి ఈ సంస్థలు కొత్తగా చేరినవారికి మళ్లీ మొదటి నుంచి శిక్షణ ఇస్తాయి. మైసూరులోని ఇన్ఫోసిస్ శిక్షణ ప్రాంగణం ఇందుకు ప్రసిద్ధి. అంటే ఈ గుమ్మం దగ్గర ఏ భాష తెలుసన్నది పెద్ద విషయం కాదు, ఆలోచించగలరా లేదా అన్నదే ముఖ్యం.

రెండో గుమ్మం వేరు. చిన్న సంస్థల్లోనూ, రెండు మూడేళ్ల అనుభవం తరువాత మారే ఉద్యోగాల్లోనూ ప్రకటన ఇలా ఉంటుంది: ఫలానా పనిముట్టులో మూడేళ్లు, ఫలానా దానిలో రెండేళ్లు, ఇంకో నాలుగింటితో పరిచయం. నౌకరీ.కామ్ 1997లో ప్రారంభమైనప్పటి నుంచి మన దేశంలో ఉద్యోగాల వెదుకులాట క్రమంగా కంప్యూటరు తెర మీదికి వచ్చింది. తెర మీద వెదికేది మాటలతోనే. నియామకం చూసేవారు నాలుగు పేర్లు టైపు చేస్తారు. ఆ పేర్లున్న దరఖాస్తులు పైకి వస్తాయి, లేనివి అడుగునే ఉండిపోతాయి. ఆ దరఖాస్తు పంపినవారు ఎంత సమర్థులైనా చూసే కన్ను ఆ అడుగుకు చేరదు. అందుచేత దరఖాస్తులో పేరుండటం కోసం పేరును నేర్చుకునే విద్య ఒకటి పుట్టింది.

ఆ విద్యకు తెలుగునాట రాజధాని హైదరాబాదులోని అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ ఉన్న వీధుల్లో గోడలను కప్పేసిన బోర్డులే ఒక చరిత్ర గ్రంథం. 1990ల చివర్లో 2000 సంవత్సరపు తేదీ సమస్య ప్రపంచమంతటినీ కలవరపెట్టింది. పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెల్లోనే గుర్తుపెట్టుకోవడం వల్ల వచ్చిన చిక్కు అది. వాటిని సరిదిద్దడానికి మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ తెలిసినవారు అమెరికాకు పెద్ద సంఖ్యలో కావలసివచ్చారు. కోబాల్ 1959లో రూపుదిద్దుకున్న భాష. దానిని మన యువకులు దాని సౌందర్యానికి ముచ్చటపడి నేర్చుకోలేదు, వీసా దాని వెంట వస్తోంది గనుక నేర్చుకున్నారు. 2000 గడిచింది, గిరాకీ తగ్గింది, బోర్డులు మారాయి. జావా, డాట్‌నెట్, ఒరాకిల్, శాప్, టెస్టింగ్ టూల్స్, ఆ తరువాత హడూప్, క్లౌడ్, డేటా సైన్స్ ఒకదాని వెంట ఒకటి ఆ గోడలెక్కాయి. తెలుగు ఐటీ కార్మికుల జీవితాన్ని హైదరాబాదులోనూ ఆస్ట్రేలియాలోనూ పరిశీలించిన మానవశాస్త్రవేత్త శ్యాంగ్ బియావ్ 2007లో దీనిపై ఒక గ్రంథమే వెలువరించారు. విదేశాలకు మనుషులను కుదిర్చే ఏజెంట్లు, శిక్షణ కేంద్రాలు, పల్లెల్లోని కుటుంబాల ఆశలు ఎలా ఒకే గొలుసులో ఉన్నాయో అందులో వివరించారు.

కొలువు దొరికిన తరువాత ఈ ఒత్తిడి తీరిపోతుందని అనుకుంటే పొరపాటే. అది అక్కడే పదునెక్కుతుంది. 2021లో జర్మనీలోని పరిశోధకులు 591 మంది సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్నవారిని ప్రశ్నించి ఒక అధ్యయనం ప్రచురించారు. నియామకాలు చూసేవారిలో 60 శాతం మంది తమ ఉద్యోగ ప్రకటనలపై సాంకేతిక ధోరణుల ప్రభావం ఉంటుందని అంగీకరించారు. సాఫ్ట్‌వేర్ నిపుణుల్లో 82 శాతం మంది, రోజువారీ పనిలో కొత్త పోకడల పనిముట్లు వాడితే రేపటి యజమానుల కంటికి ఎక్కువగా ఆనతామని భావించారు. అంటే పని చేస్తున్నది నేటి యజమానికి, ఎంపిక చేస్తున్నది రేపటి ఇంటర్వ్యూకు.

దీని పర్యవసానాన్ని ఒక ఊహా ఉదాహరణతో చెప్పుకుందాం. మండలంలోని ఒక సహకార సంఘానికి సభ్యుల పద్దులు, ఎరువుల అమ్మకాలు, అప్పుల వాయిదాలు నమోదుచేసే ప్రోగ్రాము కావాలి. ఒక సాధారణ డేటాబేసు, ఒక చిన్న ప్రోగ్రాము, ఒక కంప్యూటరు దానికి సరిపోతాయి. కానీ పని చేపట్టినవారు దానిని ఇరవై ముక్కలుగా విడగొట్టి, గూగుల్ 2014లో లోకానికి అందించిన కుబర్నెటిస్ అనే పనిముట్టు మీద నిలబెట్టారనుకోండి. అది వందలు, వేల యంత్రాల మీద నడిచే భారీ కార్యాలను అదుపుచేయడానికి తగినది. పద్దు తప్పదు, పని నడుస్తుంది. కానీ నెలనెలా అద్దె పెరుగుతుంది. చిన్న మరమ్మతుకు కూడా నగరం నుంచి నిపుణుణ్ని పిలవాల్సివస్తుంది. ఆ నిపుణుని దరఖాస్తులో మాత్రం ఒక మంచి పేరు చేరుతుంది. ఇంటి పెరట్లోకి నీళ్లు తోడటానికి ఏనుగును తెచ్చి కట్టినట్టు. ఏనుగు మేత ఖర్చు ఇంటివారిది, ఏనుగును నడిపిన కీర్తి మావటివానిది.

ఇందులో అమానత్ ప్రశ్న ఉంది. ఒకరి సొమ్ముతో, ఒకరి అవసరం కోసం పనిముట్టును ఎంచే అధికారం మన చేతికి వచ్చినప్పుడు ఆ ఎంపిక వారి మేలు కోసం సాగాలి. మన రేపటి జీతం కోసం వారి భారాన్ని పెంచడం, తూకంలో రాయి దాచడం వంటిదే. అయితే నేరమంతా ప్రోగ్రామరు మీద వేయడం కూడా న్యాయం కాదు. పదేళ్లు ఒకే పాత పనిముట్టుతో యజమానికి నమ్మకంగా పనిచేసినవారు, సంస్థ మూతపడితే బజారులో ఏ పేరూ లేనివారుగా నిలబడుతున్నారు. విశ్వాసానికి శిక్ష, హంగుకు బహుమతి ఇచ్చే చోట మనుషులు హంగును నేర్చుకుంటారు.

యజమానుల వైపు నుంచీ ఒక మాట వినాలి. ఒక సంస్థ జావానో, ఫేస్‌బుక్ 2013లో విడుదలచేసిన రియాక్ట్‌నో ఎంచుకోవడానికి కారణం తరచుగా అవే గొప్పవని కాదు. అవి తెలిసినవారు బజారులో పుష్కలంగా దొరుకుతారు, ఒకరు వెళ్లిపోతే మరొకరిని తెచ్చుకోవచ్చు. అది తెలివైన జాగ్రత్తే. కానీ ఇక్కడ ఒక వలయం ఏర్పడుతుంది. ఎక్కువమందికి తెలుసు గనుక సంస్థలు అడుగుతాయి, సంస్థలు అడుగుతాయి గనుక ఎక్కువమంది నేర్చుకుంటారు. ఈ తిరుగుడులో పనికి తగిన పనిముట్టు ఏదన్న ప్రశ్న ఎవరి వంతుకూ రాకుండా పోతుంది.

ఈ పద్ధతిలో మేలు లేకపోలేదు. పేర్ల జాబితా, ఆన్‌లైన్ పరీక్ష అభ్యర్థి ఇంటిపేరునూ ఊరినీ అడగవు. తండ్రి ఎవరో, సిఫారసు ఎవరిదో అడగవు. మాకవరపాలెం మండలంలోని ఒక కుగ్రామం నుంచి వచ్చిన అమ్మాయి, పేరున్న నగర కళాశాలలో చదివిన అబ్బాయి ఒకే లెక్కకు కూర్చుంటారు. పరిచయాలు లేని మన కుటుంబాల పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. జల్లెడను తిట్టి పక్కన పారేయమని ఎవరూ చెప్పలేరు. జల్లెడకే జీవితాన్ని ధారపోయకూడదన్నదే ఇక్కడి హెచ్చరిక.

ఆ హెచ్చరికకు సాక్ష్యం ఈ మండలంలోనే ఉంది. రాచపల్లి దగ్గర అన్‌రాక్ సంస్థ నిర్మించిన అల్యూమినా శుద్ధి కర్మాగారం అది. 2007లో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వానికి, గల్ఫ్‌లోని రస్ అల్ ఖైమాకు మధ్య కుదిరిన ఒప్పందం దీనికి మూలం. ఏటా 15 లక్షల టన్నుల అల్యూమినా తయారుచేసే సామర్థ్యంతో దీనిని తలపెట్టారు. ముడిసరుకైన బాక్సైటు మన్యంలోని జెర్రెల కొండల నుంచి వస్తుందన్న నమ్మకం మీదే లెక్కలన్నీ వేశారు. కానీ ఆ కొండలు ఆదివాసుల జీవనాధారం, నీటి ఊటలకు పుట్టిల్లు. వారు తవ్వకాలను గట్టిగా ప్రతిఘటించారు. 2015లో వెలువడిన అనుమతి ఉత్తర్వు కూడా ఆ నిరసనల ముందు నిలువలేదు. కొండలు నిలిచాయి, ముడిసరుకు రాలేదు, కర్మాగారం ఏళ్ల తరబడి ఉత్పత్తి లేకుండా ఉండిపోయింది.

ఆదివాసుల హక్కు ఒక పెద్ద విషయం, దానిని ఇక్కడ పోలికకు మాత్రమే కుదించకూడదు. కానీ రాచపల్లి గోడల ముందు నిలబడినప్పుడు విద్యార్థుల తల్లిదండ్రులకు తట్టవలసిన ఆలోచన ఒకటుంది. ఒకే చోటు నుంచి రావలసిన ఒకే సరుకు మీద మొత్తం కట్టడాన్ని నిలబెడితే, ఆ సరుకు ఆగిన రోజున ఎంత పెద్ద యంత్రమైనా మౌనం వహిస్తుంది. ఈ ఏడు గిరాకీ ఉన్న ఒకే పేరు మీద బిడ్డ చదువంతా కట్టడం కూడా అటువంటిదే. గిరాకీ ఎక్కడో సముద్రాల అవతల నిర్ణయమవుతుంది. దాని మీద మనకు గానీ, మనకు కోర్సు అమ్మినవారికి గానీ అధికారం లేదు.

మరి నియామకం ఎలా జరగాలి? ఈ ప్రశ్నకు దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ ఖసస్ సూరాలో ఆలోచింపదగిన వృత్తాంతం ఉంది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఈజిప్టు విడిచి, పరాయివారిగా మద్‌యన్ చేరుకున్నారు. నీటి చోట కాపరుల గుంపుకు ఎడంగా నిలబడిన ఇద్దరు స్త్రీల మందకు నీళ్లు పట్టి, ఏ ప్రతిఫలమూ కోరక నీడకు వెళ్లిపోయారు. తరువాత ఆ ఇద్దరిలో ఒకరు తండ్రితో ఆయనను పనికి కుదుర్చుకోమని చెప్పారు. పనివానిలో ఉండవలసిన గుణాలుగా ఆమె పేర్కొన్నవి రెండే: సామర్థ్యం, విశ్వసనీయత. ఆయన ఏ కళాశాలలో చదివారో, ఎన్ని పనిముట్ల పేర్లు చెప్పగలరో అక్కడ ప్రస్తావనకు రాలేదు. ఆయన చేసిన పనిని వారు కళ్లారా చూశారు, కొలువు కోసం కాకుండా చేసినప్పుడు చూశారు. చేసి చూపిన పనికన్నా నమ్మదగిన పరీక్ష ఏముంటుంది?

మన పాఠకుల ఇళ్లలో హైదరాబాదు, బెంగళూరు, దుబాయి, రియాద్, డల్లాస్ నగరాల్లో ఈ వృత్తిలో పెద్ద స్థానాల్లో ఉన్నవారు ఎందరో ఉన్నారు. ఇంటర్వ్యూ తీసుకునే బల్లకు అవతలి వైపు కూర్చునేది వారే. పేర్ల జాబితాను సగానికి తగ్గించడం, చిన్న నిజమైన పనిని ఇచ్చి చేయించి చూడటం, ఫలానా పనిముట్టును ఎందుకు ఎంచుకున్నావు, ఎందుకు వద్దనుకున్నావు అని అడగడం వారి చేతుల్లో ఉన్న విషయాలే. సరళమైన పరిష్కారాన్ని ఎంచుకున్నవానికి తక్కువ మార్కులు వేయకపోవడం కూడా వారు చేయగల మేలే. అలా అడిగే యజమానులు పెరిగితే నేర్చుకునేవారి నడకా మారుతుంది.

ఇక పిల్లలను చదివిస్తున్న తల్లిదండ్రులు ఏం చూడాలి? మొదటిది, పునాది. ఏదో ఒక భాషను అడుగంటా నేర్చుకున్నవారికి రెండో భాష కొన్ని వారాల పని. దత్తాంశాన్ని పట్టికలుగా అమర్చే పద్ధతిని ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించారు. దాని మీద పుట్టిన ఎస్‌క్యూఎల్ నేటికీ ఇంటర్వ్యూల్లో అడుగుతున్నారు, ఉద్యోగాల్లో వాడుతున్నారు. ‘అల్గారిథం’ అన్న మాటే తొమ్మిదో శతాబ్దపు బగ్దాదులో కృషిచేసిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చింది. బోర్డులు మారినా ఈ విద్య మారలేదు. రెండవది, గిరాకీ ఉన్న పేరు. దానినీ నేర్చుకోవాలి, అయితే ఇంటి గోడగా కాదు, తలుపు తాళంచెవిగా. తాళం మారితే చెవి మార్చుకోవచ్చు.

మూడవది, చేసి చూపే పని. మన చుట్టూ అవసరాలు తక్కువేమీ లేవు. బెల్లం తూకాల పద్దు, మహల్లాలోని జకాత్ నిధి లెక్క, పాఠశాల గ్రంథాలయపు పుస్తకాల జాబితా: వీటిలో ఒక్కదానిని పూర్తిగా కట్టి, పదిమంది చేత వాడించి, వచ్చిన లోపాలను దిద్దిన విద్యార్థికి చెప్పుకోవడానికి నిజమైన కథ ఉంటుంది. నాలుగవది, సత్యం. చేయని పనిని చేసినట్టు, ఆరు వారాల కోర్సును మూడేళ్ల అనుభవమన్నట్టు దరఖాస్తులో రాయించే దళారులు ఉన్నారు. అబద్ధం మీద దొరికిన జీతంలో బర్కత్ ఎక్కడిది? అది ఒకరి హక్కును తోసి సంపాదించినదీ, ప్రతి ఉదయం బయటపడతానేమోనన్న భయంతో తినవలసినదీ అవుతుంది.

ఈ మాటల సారాన్నే ఆ బస్సులోని యువకునికి నాకు చేతనైనట్టు చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, “మా నాన్న బెల్లం లెక్కలు చీటీల మీదే రాస్తారండి. అదే చేసి చూస్తాను. కానీ పరీక్ష ఈ నెలలోనే ఉంది మరి” అన్నారు. ఆయన మాట వాస్తవం. పరీక్ష కోసం పైథాన్ సాధన చేయక తప్పదు, చేయాలి కూడా. నర్సీపట్నం చేరేలోగా ఆయన మరో రెండు లెక్కలు పూర్తిచేశారు. ఆ తండ్రి చీటీల మీది లెక్కకు సాయంత్రం ఒక అరగంట మిగిలితే, బోర్డు మీది పేరు మారిన రోజున ఆ బిడ్డ చేతిలో నిలిచేది ఆ అరగంటలో నేర్చినదే. బిడ్డల భవిష్యత్తుకై దుఆ చేసే ప్రతి తల్లీ తండ్రీ, వారు ఈ ఏడు ఏ కోర్సులో చేరారని అడగడంతోపాటు, ఎవరికి ఉపయోగపడే పని చేశారని కూడా అడగాలని మనవి.